దిగుడు కట్ట దాలయ్య

చీపురుపల్లి దాటాక వచ్చే చిన్న స్టేషను మాది. దానికి దక్షిణంగా, పల్లపు పొలాల మధ్య, రైలు కట్ట ఒకచోట ఎప్పుడూ కుంగుతూ ఉండేది. అడుగున బంకమట్టి. వాన పడిందంటే మెత్తబడి, పైన పరిచిన కంకరరాయిని మింగేసేది. దాన్ని మేమంతా దిగుడు కట్ట అనేవాళ్ళం. రైల్వేవాళ్ళు అక్కడ ఒక పసుపుపచ్చ బోర్డు పాతారు. ఎంత పెద్ద మెయిలైనా ఆ బోర్డు దగ్గరకొచ్చి మనిషి నడక నడవాల్సిందే. కలకత్తా పెద్దమనుషులు కిటికీల్లోంచి మా గేదెల్ని చూసి విసుక్కునేవారు. విసుక్కోనివ్వండి, మా గేదెలకేం నష్టం?

ఆ కట్టని కనిపెట్టుకుని బతికినవాడు దాలయ్య, గ్యాంగు మేస్త్రి. కుంగినచోట పట్టా ఎత్తడం, చెక్క స్లీపరు కింద రాయి కుక్కి బీటరు గునపంతో కొట్టడం, మళ్ళీ కుంగితే మళ్ళీ కొట్టడం. యాభై నిండకుండానే నడుం వంగిపోయింది. నేను ఊరి బడిలో మాస్టర్ని. బడికి దారి ఆ కట్ట పక్కనుంచే. ఎప్పుడు పలకరించినా దాలయ్య నోట ఒకటే మాట.

"ఏటున్నాది మాస్టారూ, అది దిగతాది, నాను ఎత్తుతాను."

తల్లీ తండ్రీ పోయాక చెల్లెలు అమ్మడిని దాలయ్యే పెంచాడు. వాల్తేరు సంబంధం కుదిర్చాడు. పెళ్ళికొడుకు లక్ష్ముడికి ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. పెళ్ళికూతురికి తండ్రి లేకపోతే అన్న పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలి, అదీ తమ ఇంటి నూతి నీళ్ళతో. వాళ్ళలో అది పెద్ద పట్టింపు. సరిగ్గా పెళ్ళిరోజు పొద్దున కుండపోత వాన. కట్ట దిగిపోయిందని రైలు పట్టాల ఇన్‌స్పెక్టరు కబురంపాడు. ముహూర్తానికి వచ్చేస్తానని వెళ్ళిన దాలయ్య, మోకాళ్ళదాకా బురదతో పందిట్లోకి వచ్చేసరికి పొరుగింటాయన పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేశాడు, తాళి కట్టడమూ అయిపోయింది.

పెళ్ళికొడుకు తండ్రి అసిరయ్య అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"సెల్లి కంటే రైలు కట్ట ఎక్కువైపోనాదేటి నీకు? మా పిల్లడి కాళ్ళు దారిన పోయినోడు కడుగుతాడా? మా కోడలు ఇంక నీ గుమ్మం తొక్కదు!"

అన్నంత పనీ చేశాడు. దాలయ్య కూడా తక్కువ తినలేదు. బండెడు జనాన్ని కాపాడడానికి వెళ్ళినవాణ్ణి, నాదేం తప్పని బిగుసుకు కూర్చున్నాడు. మధ్యన నలిగింది ఆ పిల్ల. నాకైతే ఇద్దరి మీదా ఒళ్ళు మండేది.

విడదీసిన కట్టే మళ్ళీ అన్నాచెల్లెళ్ళని కలిపింది. ఏటా వేసవిలో లక్ష్ముడి పాసు మీద అమ్మడు, మొగుడితో కలిసి, ఖరగ్‌పూరు నుంచి మెయిల్లో వాల్తేరు అత్తారింటికి వచ్చేది. ముందుగా కార్డు ముక్క రాసేది. మెయిలు మా స్టేషన్లో ఆగదు. కానీ దిగుడు కట్ట దగ్గర నడుస్తుంది కదా! దాలయ్య భార్య జగ్గమ్మ అరిసెలో తాండ్రో గుడ్డలో మూటగట్టి పట్టుకుని నిలబడేది. అమ్మడు పెట్టె తలుపు దగ్గరకొచ్చి చెయ్యి చాపేది. దాలయ్య బండి పక్కనే నడుస్తూ మాట్లాడేవాడు.

"బాగున్నావేటే?"

"బాగానే ఉన్నాను అన్నియా. నువ్వు సిక్కిపోనావేటి?"

అంతలో కట్ట అయిపోయేది, బండి జోరందుకునేది. ఏడాదికి వాళ్ళకి దక్కిన చుట్టరికం అంతే. ఆ కాస్త కోసం దాలయ్య ఏడాదంతా ఎదురుచూసేవాడు.

తర్వాత లోకానికి తొందరొచ్చింది. పంతొమ్మిదివందల అరవై ఎనిమిది నాటికి మా లైన్లో బొగ్గింజన్లు తగ్గి, డీజిలింజన్లు పెరిగాయి. జపానులో రైలు గంటకి రెండొందల కిలోమీటర్లు పరిగెడుతోందట. కలకత్తా నుంచి ఢిల్లీకి మన దేశంలోనూ జోరుబండి వేస్తారట. ఇన్‌స్పెక్టరు ఇదంతా చెప్పి, "మన బళ్ళు మాత్రం ఇంకా గేదెల్ని చూస్తూ నడుస్తున్నాయి" అన్నాడు. అంత జోరుగా వెళ్ళి ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, దాలయ్య అడగలేదు. దిగుడు కట్ట జబ్బు కుదర్చమని ఉత్తర్వు వచ్చింది. కట్ట కడుపులో నిలిచిన నీరు బయటికి పోయేలా అడ్డంగా కాలవలు తీసి బండరాయితో నింపాలి. బంకమట్టి తీసేసి ఇసుక పరిచి, దానిమీద కొత్త కంకర పొయ్యాలి. పొట్టి పట్టాల్ని అతికి పొడుగువి వెయ్యాలి. తవ్వే కూలీలు బయటినుంచి వచ్చారు. చివర్న స్లీపర్ల కింద రాయి కుక్కి గట్టిపరిచే పని మాత్రం దాలయ్య గ్యాంగుదే.

ఒక మధ్యాహ్నం జగ్గమ్మ అంబలి తెచ్చింది. నేనూ అక్కడే తాటిచెట్టు నీడన ఉన్నాను. ఆమె నా ఎదుటే అడిగేసింది.

"ఒక్క సోట కూసింత ఒదులుగా ఒగ్గీ మావా. ఎవులికి తెలస్తాది? మల్లీ దిగతాది, మల్లీ బోర్డు ఎడతారు. పిల్లని సూసుకుంటాం."

దాలయ్య అంబలి ముంత కింద పెట్టాడు.

"ఆ బండిలోన కూకునేది ఎవులే? మన అమ్మడు కాదేటి?"

అంతే అన్నాడు. నడుం పట్టుకుని లేచి, బీటరు అందుకున్నాడు. జగ్గమ్మ ముంత తీసుకుని ఇంటిదారి పట్టింది.

బోర్డు పీకేశారు. ఎండలు ముదిరాక అమ్మడి కార్డు వచ్చింది. బండి ఇంక కట్ట దగ్గర నెమ్మదించదని జవాబు రాయనా అని అడిగాను. "నిన్ను సూడనేనని రాస్తారా? ఒద్దండి" అన్నాడు.

ఆ రోజు ఇద్దరూ వెళ్ళి కట్ట దగ్గర నిలబడ్డారు, నేనూ వెంట వెళ్ళాను. జగ్గమ్మ చేతిలో ఎప్పటిలాగే మూట. డ్రైవరుకి దయ కలిగి నెమ్మదిస్తాడేమోనని ఆమె ఆశ. పొగా లేదు, నడకా లేదు, చూస్తుండగానే బండి మీదికొచ్చేసింది. దుమ్ములో ఒక తలుపు దగ్గర చాపిన చెయ్యి ఒకటి కనబడింది. గాజులున్న చెయ్యి. ముఖం కనబడలేదు. జగ్గమ్మ మూట విసిరింది. అది పెట్టెకి కొట్టుకుని పగిలింది, అరిసెలు కంకరలో చెల్లాచెదురయ్యాయి.

దాలయ్య బండి వైపు చూడడం మానేసి వంగి పట్టాల వైపు చూశాడు. ఆఖరి పెట్టె దాటినా ఒక్క స్లీపరు కదల్లేదు. అప్పుడు కంకర మీద కూలబడి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. చాలాసేపటికి పైపంచెతో ముఖం తుడుచుకుని పెళ్ళాంతో అన్నాడు.

"ఇత్తడి సెంబు తోమి ఉంచు. రేపు పాసింజరుకి వాల్తేరు ఎల్తాను."

మర్నాడు నాకూ విజయనగరంలో పనుంది. పాసింజర్లో దాలయ్య ఎదురుగా కూర్చున్నాను. ఒళ్ళో చెంబు, నిండా నీళ్ళు. మెయిలుకి దారిస్తూ మా పాసింజరు పక్క లైన్లో పడిగాపులు కాసింది.

"వాల్తేరులో నీళ్ళకి కరువా దాలయ్యా?" అన్నాను, నవ్విద్దామని.

నవ్వలేదు. "ఆ దినం కడగాల్సిన నీళ్ళండి ఇవి. మా నూతివి. ఆ ముసలోడు ఏటన్నా పడతాను, కొడుకు కాళ్ళతోటి ఆడి కాళ్ళూ కడుగుతాను. నానింక ఆ కట్ట కాడ నిలబడనేను మాస్టారూ."

బండి కదిలింది. కుదుపుకి నీళ్ళు తొణికి పంచె తడిసింది. స్టేషను దాటాక మళ్ళీ తొణికాయి. ఇంతలో దిగుడు కట్ట వచ్చింది. ఆ కట్ట పొడుగునా చెంబులో నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. దాలయ్య వాటినే చూస్తూ కూర్చున్నాడు. కట్ట దాటగానే బండి మళ్ళీ కుదిపింది. ఆయన చెంబు మూతి మీద అరచెయ్యి కప్పుకున్నాడు.