గోబర్ గ్యాస్‌కు గని కాపలా

మా బాపు బొగ్గు గనిలో సర్దార్. సర్దార్ అంటే గుర్రం, కత్తి ఉన్నవాడు కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, గాలి ఎట్లా ఉందో చూసి, గ్యాస్ లేదని తేల్చుకున్నాకే మిగతా వాళ్లను రానిచ్చే మనిషి. ఆ పని ఎంత ఒంటబట్టిందంటే, పెళ్లికి పోయినా ముందు తలెత్తి పందిరి గుంజలు చూసేవాడు. ఆ తర్వాతే అక్షింతలు వేసేవాడు.

ఎనభైల నడుమ ఆయన రిటైరయ్యాడు. గోదావరి ఒడ్డు కాలనీలో క్వార్టర్ ఖాళీ చేసి, పెద్దపల్లి పక్కన ఉన్న మా ఊరికి వచ్చేశాం. వచ్చిన లారీలో ముప్పావు వంతు బొగ్గు, మిగతా కాస్త చోట్లో మా సంసారం. ఆ బొగ్గును పెరట్లో కుప్ప పోయించి తాటాకులు కప్పించాడు. వానకు మా బర్రెలు తడిశాయి గాని బొగ్గు తడవలేదు.

గనిలో ఉన్నన్నాళ్లు ఇంటి పొయ్యికి బొగ్గు ఉచితం. అది బాపుకు పెద్ద గొప్ప. కాలనీలో సాయంత్రమైతే ప్రతి ఇంటివాళ్లు బొగ్గు పొయ్యి ముట్టించి గడప ముందు పెట్టేవాళ్లు. ఆ పొగలో ఆడుకునే పిల్లలం తల్లి దగ్గును బట్టి ఇల్లు పట్టుకునేవాళ్లం. అమ్మను మేము అవ్వ అంటాం. మా అవ్వ దగ్గు నాకు ఇప్పటికీ గుర్తే. ఊరికి వచ్చేనాటికి ఆమె కళ్లు ఎప్పుడు చూసినా ఎర్రగా, నీరు కారుతూ ఉండేవి. కరీంనగర్‌లో కంటి డాక్టర్ రెప్పలు తిప్పి చూసి, ఇట్లాగే ఉంటే చూపు పోతుంది, పొగకు దూరంగా ఉండమ్మా అన్నాడు.

"పొయ్యికి దూరంగుండి ఎట్ల వండాలె సారూ?" అని అవ్వ అడిగింది.

ఆయన చుక్కల మందు రాసిచ్చాడు.

నేనప్పుడు పక్క ఊరి బడిలో టీచరమ్మను. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు. గోబర్ గ్యాస్ పథకం సంగతి చెప్పడానికి గ్రామసేవకుడు మా బడికి వస్తే, నేనే ఆయన్ను ఇంటికి తీసుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టాను. బాపు చాయ ఇప్పించాడు గాని మాట మాత్రం ఇవ్వలేదు.

"దేశం బొగ్గు మీద నడుస్తున్నది సార్," అన్నాడు. "కరెంటు బొగ్గు మీదనే, సిమెంటు బొగ్గు మీదనే, కాగజ్‌నగర్ల కాయిదం సుత బొగ్గు మీదనే. మీ చేతిల ఉన్న దరఖాస్తు గట్ల పుట్టిందే. గిప్పుడు దేశాన్ని పెండ మీద నడిపిస్తరా?"

"బొగ్గు ఒకనాటికి ఒడుస్తది సర్దార్ సాబ్. బర్రె పొద్దున్నే మళ్ల ఏస్తది."

"ఒడుసుడా? లోపల నేను చూసిన. మీ మనుమల మనుమలు పోయినా ఒడువది."

"లోపల సంగతి ఏమో గని, పెరట్ల ఒడుస్తున్నది," అని అవ్వ వంటింట్లోంచి అంది.

నిజానికి ఈ వాదంలో మా ఊరి వాటా చిత్రమైనది. మా పొలాల మీదుగా ఎత్తయిన స్తంభాలెక్కి కరెంటు పట్నం పోయేది. ఆ తీగల కింద మేము కిరసనాయిలు కోసం రేషన్ షాపు ముందు డబ్బాలు వరసగా పెట్టేవాళ్లం. బొగ్గు మాది, బూడిద మాది, దగ్గు మాది, వెలుగు మాత్రం హైదరాబాద్‌ది. ఈ మాట బాపుతో అంటే, దేశానికి ఇచ్చినదానికి లెక్కలు చూస్తారా అని నన్నే కసిరేవాడు. చివరికి, "కట్టుకోండ్రి. గ్యాస్ రాకున్నా ఎరువు తొట్టి లెక్కనన్న పనికొస్తది," అన్నాడు. పేడలోంచి మండే గ్యాస్ పుడుతుందని ఆయన అనుకోలేదు, అందుకే ఒప్పుకున్నాడు.

పెరట్లో గుండ్రంగా గుంత తవ్వి, ఇటుకతో కట్టి, దాంట్లో పెద్ద ఇనుప డ్రమ్మును బోర్లించి, దాని పైనుంచి ఒక పైపు లాగారు. గ్యాస్ పుట్టేకొద్దీ ఆ డ్రమ్ము పైకి లేస్తుందట. గుంత నింపడానికి మా రెండు బర్రెల పేడ చాలదని అవ్వ తట్ట పట్టుకుని వీధిలోకి బయలుదేరింది. అంతవరకు మా సందులో పడ్డ పేడకు యజమాని లేడు. అవ్వ బయలుదేరిన వారంలోనే ఒక్కొక్క బర్రె వెనక ఒక్కొక్క మనిషి నడవడం మొదలైంది. ఎదురింటి అత్త, సొంత బర్రె ఉన్నా వాకిట్లో సాన్పి చల్లుకోవడానికి రోజూ మా ఇంటి పేడే అడుక్కుపోయే మనిషి, తన బర్రె మా గడప ముందు వేసిన పేడను గంపతో వచ్చి మరీ ఎత్తుకుపోయింది. ఆమె కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. సరుకును బిగబట్టి కూర్చుంటే దానికి విలువ ఎట్లా వస్తుందో అతను అక్కడ షేకులను చూసి నేర్చుకుని, తల్లికి చెప్పి ఉంటాడు.

ఎట్లాగో గుంత నిండింది. కొన్నాళ్లకు డ్రమ్ము లేచింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. గ్రామసేవకుడి ఆనందానికి హద్దు లేదు. పెద్దాయనను కూడా సంతోషపెడదామని బాపు కూర్చున్న మంచం దగ్గరికి వచ్చి, "మీకు కొత్తేం కాదు సర్దార్ సాబ్. మీ గనిల ఉండేది, గీ డ్రమ్ముల ఉన్నది ఒక్కటే గ్యాస్," అన్నాడు.

ఆయన ఆ ఒక్క మాట అనకుండా ఉంటే అవ్వ మరునాడే చాయ పెట్టుకునేది. బాపు మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"గా పైపు యాడికి పోతది?"

"వంటింట్ల గ్యాస్ పొయ్యి కాడికి."

"దేనితోటి ముట్టిస్తరు?"

"అగ్గిపుల్లతోటి."

బాపు చేయి చాపాడు. గ్రామసేవకుడు తికమకపడి తన జేబులోని అగ్గిపెట్టె ఇచ్చాడు. బాపు దాన్ని బొడ్లో దోపుకున్నాడు.

నిప్పురవ్వ తగిలితే గని గ్యాస్ పేలుతుంది కాబట్టి, గనిలోకి దిగేవాళ్లను పైనే ఆపి, బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమో ఒళ్లంతా తడిమి చూస్తారు. ఆ రోజు నుంచి మా గడప దగ్గర అదే మొదలైంది. పోస్ట్‌మ్యాన్‌ను తడిమాడు. పాలు కొనే అతన్ని తడిమాడు. నేను బడి నుంచి వస్తే సంచిలోని సుద్దముక్కల డబ్బా తీయించి, మూత విప్పి, ముక్కలు కదిలించి చూసేవాడు. నేను పళ్లు కొరుక్కునేదాన్ని.

"బాపూ, గది భూమి లోపల, గాలి ఆడని చోటు. గిది ఆరుబయట."

"ముట్టిచ్చేది ఆరుబయటనా, ఇంట్లనా?"

నాకు ఇంకా కోపం వచ్చింది.

వాడకపోయేసరికి డ్రమ్ము నిండిపోయి అంచుల నుంచి బుడబుడమని గ్యాస్ పోతుండేది. అగ్గిపుల్ల గీయనివ్వడు కాబట్టి గ్యాస్ నిండుతుంది. గ్యాస్ నిండింది కాబట్టి అగ్గిపుల్ల గీయనివ్వడు. ఇట్లాంటి తర్కంతో ప్రభుత్వాలు ఐదేళ్లు నడిపేస్తాయి, మా బాపు ఆ వానాకాలమంతా నడిపాడు. బొగ్గు పొయ్యిని మాత్రం ఇంటి బయటికి, వీధి గోడ పక్కకు మార్పించాడు. అగ్గిపెట్టె ఆయన బొడ్లోనే ఉండేది, పుల్ల ఆయనే గీసి ఇచ్చేవాడు. అవ్వ వీధిలో వండుతుంటే పోయేవాళ్లు ఏం కూరో వంగి చూసిపోయేవాళ్లు. కొందరు ఉప్పు గురించి సలహా కూడా ఇచ్చేవాళ్లు. ముసురు రోజుల్లో తడిసిన పొయ్యి ఇంకా ఎక్కువ పొగ చిమ్మేది. ఒకరోజు బియ్యంలో రాళ్లు కనబడటం లేదని అవ్వ చాట నాకిచ్చింది. నాకు భయం వేసింది.

ఆ మరునాడే ఆసిఫాబాద్ దిక్కు నుంచి మా మేనమామ వచ్చాడు. అవ్వకు తమ్ముడు. బీడీ లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. గడప దగ్గరే బాపు అడ్డం నిలబడ్డాడు.

"చేతులు లేపు బామ్మర్ది."

మామ నవ్వులాట అనుకుని లేపాడు. అంగీ జేబులో బీడీ కట్ట దొరికింది. ధోతి మడతలో ఇంకోటి దొరికింది. తర్వాత బాపు ఆయన రుమాలు విప్పించాడు. తలకు చుట్టుకున్న ఆ రుమాలులోంచి అగ్గిపెట్టె కింద పడింది. ఎందరో గని కార్మికులు దాచిన చోట్లన్నీ చూసిన చేతులవి, మామ ఏపాటి.

"అక్కా, నేను చుట్టపోన్నా, దొంగనా?" అన్నాడు మామ. "గీ ఇంట్లకు నేను రాను." పోయి వీధి గోడ మీద కూర్చున్నాడు.

అవ్వ తమ్ముడికి వండి పెడదామని బొగ్గు కోసం పెరట్లోకి పోయింది. తాటాకుల కింద మసి తప్ప ఏమీ లేదు. ఆ మసినంతా ఊడ్చి, చేతులు కడుక్కుని వచ్చి, ఆమె కూడా తమ్ముడి పక్కన గోడ మీద కూర్చుంది.

"ఇయ్యాల వంట లేదు," అంది.

"కట్టెలు తెప్పిస్త," అన్నాడు బాపు.

"వద్దు. ఏ పొగ అయితేంది, పొయ్యేది నా కండ్లే."

"మరి గ్యాస్ ముట్టిస్త అంటవా? గని గాలి సంగతి నీకు తెల్వది."

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"గనిల గాలి మంచిగ లేకుంటె ఒక్క మనిషిని లోపలికి పోనియ్యకపోతుంటివి. పెండ్లయిన కాడికెల్లి నేను పొగల కూసున్న. గా గాలి ఎట్లున్నదని ఒక్కనాడన్న వచ్చి చూసినవా?"

బాపు వంటింటి దిక్కు చూశాడు. మామ కూడా అలక మరిచిపోయి తల వంచుకున్నాడు. అన్నాళ్లూ బాపు మీద కోపంతో ఉడికిపోయిన నాకు ఆ క్షణంలో ఆయన్ను చూస్తే జాలి కలిగింది. అంతమంది క్షేమం చూసిన మనిషికి తన ఇంట్లో మనిషి కనబడలేదన్న సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

ఆయన నిచ్చెన వేసుకుని వంటింటి పైకప్పు మీంచి పెంకులు తీశాడు. ఎన్నడూ తెరవని కిటికీని గుద్ది తెరిచాడు. సబ్బు నురగ చేసి పైపు అతుకులన్నింటికీ పూసి, బుడగలు వస్తున్నాయేమో ఒక్కోచోట కూర్చుని చూశాడు. తర్వాత అందరినీ వీధిలోకి పొమ్మన్నాడు.

"నన్ను ముందుగాలనే బయట కూసోబెట్టిండు గద," అని మామ గొణిగాడు.

బాపు బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి ఒక్కడే లోపలికి పోయాడు. మేము గోడ అవతల నిలబడ్డాం. ఎదురింటి అత్త కూడా వచ్చి నిలబడింది. పుల్ల గీసిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు.

"బావ ఉన్నడా?" అని మామ గుసగుసగా అడిగాడు.

అప్పుడు లోపలి నుంచి బాపు గొంతు వినిపించింది. "ఓయ్. జర లోపలికి రా."

ఆ ఓయ్ మా అవ్వే. ఆమె పోయింది, వెనక నేను పోయాను. పొయ్యి మీద నీలి మంట సన్నగా బుస్సుమంటూ నిలకడగా మండుతోంది. పొగ లేదు. బాపు కాలిపోయిన పుల్లను ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"గనిల నా దీపం మంట మీద గిదే నీలం కనబడేది," అన్నాడు. "కనబడితె గ్యాస్ ఉన్నట్టు. అందరిని బయటికి తోలేటోన్ని. గీ నీలం చూసి మనిషిని లోపలికి పిలుసుడు నాకు గిదే మొదలు."

అవ్వ మంట వంక చూసింది, ఆయన వంక చూసింది.

"సరే తీయి. జర జరుగు, చాయ గంజు పెట్టనియ్యి."

బాపు జరిగాడు గాని బయటికి రాలేదు. చాయ మరిగేదాకా ఆమె పక్కనే నిలబడ్డాడు.