మేస్త్రి సరే అన్నాడు

లారీలు బాగుచేసే షెడ్ల వీధిలో ఆమెను అందరూ వాల్వులక్క అనేవారు. పెళ్లయిన కొత్తలో మేస్త్రికి మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, అతను తినేదాకా ఊరికే కూర్చోలేక ఓ వాల్వు చేతిలోకి తీసుకుంది. ఆ తీసుకోవడం తీసుకోవడమే, మళ్లీ దింపలేదు.

లారీ ఇంజిన్ పైన కూర్చునే హెడ్డులో తెరుచుకుంటూ, మూసుకుంటూ గాలిని రానిచ్చి పొగను పోనిచ్చే మూతలే వాల్వులు. ఆ మూత తన గూట్లో పిసరంత సందు లేకుండా కూర్చోవాలి. అందుకు మధ్యలో ఇసుకలా గరగరలాడే పేస్టు రాసి, కొనకు రబ్బరు కప్పున్న కర్ర వాల్వుకు అతికించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ అరగదియ్యాలి. చేసేవాడికి ప్రాణం విసుగెత్తే పని. ఆమెకు మాత్రం విసుగు పుట్టలేదు. చుట్టూ బూడిదరంగు పట్టీ సమంగా పడేదాకా వదిలేది కాదు. ఆ రంగు ఆమె అరచేతి గీతల్లోకెక్కి ఏ సబ్బుకూ లొంగకుండా ఉండిపోయింది. "నీ చెయ్యి చూసి జాతకం చెప్పాలంటే ముందు కిరసనాయిలుతో కడగాలే" అని మేస్త్రి ఏడిపించేవాడు.

పిల్లలు లేరు. ఇద్దరూ పొద్దున్నే షెడ్డు తలుపు తీసేవారు, చీకటి పడగానే మూసేవారు.

ఒక్క పని మాత్రం అతను ఆమెకు ఎన్నడూ ఇవ్వలేదు. ఇంజిన్ అంతా కట్టాక, ఒక్కో వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ నడుమ సన్నని సందు పెట్టాలి. పల్చటి రేకు దూర్చి, లాగి, చేతికి తగిలే పట్టును బట్టి మర బిగించాలి. టాపెట్లు పెట్టడం అంటారు. "రేకు రావాలి. కానీ ఇష్టం లేనట్టు రావాలి" అనేవాడు మేస్త్రి. "వదులైతే టకటకా వాగుతుంది, అంతే. బిగుతైతేనే ప్రమాదం, నోరెత్తకుండా కాలిపోతుంది."

"అదేదో నాకూ నేర్పవయ్యా" అని అడిగేది.

"అన్నీ నువ్వే చేస్తే ఇంక నన్ను మేస్త్రి అని ఎవరంటారే?"

ఓ ఉదయం పళ్లు తోముకుంటూ నూతి గట్టు దగ్గర అతను కుప్పకూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పూర్తిగా పోయింది. చాలా రోజులకు ఒక్క మాట తిరిగొచ్చింది. "సరే." ఆ ఒక్కటే. ఆకలేస్తుందా అన్నా సరే, నొప్పిగా ఉందా అన్నా సరే.

"ఆయనకు అన్నీ అర్థమవుతూ ఉండొచ్చమ్మా, మాటే రావట్లేదు" అన్నాడు డాక్టరు. ఆ 'ఉండొచ్చు'ను ఆమె ఆసుపత్రి మెట్ల మీదే వదిలేసి ఇంటికొచ్చింది.

అప్పటినుంచి ఆ ఒక్క మాటలో ఆమెకు వంద మాటలు వినిపించేవి. పొట్టిగా అంటే ఔను. సాగదీస్తే వద్దు. చివర కాస్త ఎత్తితే వేళాకోళం. ఆడపడుచు చూడ్డానికొచ్చి "అన్నయ్యా, నన్ను గుర్తుపట్టావా?" అంటే అతను "సరే" అన్నాడు. ఆడపడుచు పైట నోట్లో కుక్కుకుంది.

"గుర్తుపట్టాడమ్మా. అది గుర్తుపట్టిన సరే" అంది ఆమె, గిన్నెలు సర్దుతూ.

షెడ్డుకు బళ్లు రావడం తగ్గిపోయింది. పక్క షెడ్ల వాళ్లు వాల్వులు తెచ్చి పడేసి, అరగదీశాక పట్టుకుపోయేవారు. ఆమె ఆ పని చేసుకుంటూ, మేస్త్రిని రోజూ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టేది. వీధి చూస్తాడని.

అలా ఉండగా ఒకనాడు పొడుగు డ్రైవరు తన పాత లారీని గొలుసు కట్టి ఇంకో లారీతో లాగించుకొచ్చాడు. ఆ లారీకి ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, అతనిలాగే. మేస్త్రికి పాతికేళ్ల స్నేహితుడు. ఏ చుట్టరికమూ లేకుండానే అక్క, బావ అని పిలిచేవాడు.

"దిగుడులో నాలుగో గేరు వెయ్యబోతే రెండోది పడిందక్కా" అన్నాడు తల గోక్కుంటూ. "ఒక్క అరుపు అరిచింది చూడు, నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచీ గిన్నెలు దొర్లినట్టు ఒకటే చప్పుడు. పొగ సంగతి చెప్పక్కర్లేదు."

"ఇంత పని నేనొక్కదాన్నీ ఎక్కడ చేస్తాను తమ్ముడూ? పెద్ద షెడ్డుకి తీసుకుపో."

"బావ ఉండగా ఇంకోడి గడప నేనెందుకు తొక్కుతా? విప్పడం, కట్టడం నువ్వు చెయ్యి. సాయానికి నేనుంటా. టాపెట్లు మాత్రం బావ చూడాలి. ఎడం చెయ్యి బాగానే ఉందిగా? బావ సరే అంటేనే నేను బండెక్కేది."

కుర్చీలోంచి మేస్త్రి "సరే" అన్నాడు. పొడుగు డ్రైవరు విరగబడి నవ్వాడు. "చూశావా, ఒప్పేసుకున్నాడు!" ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్లో అయింది.

పైమూత విప్పగానే దెబ్బ కనిపించింది. ఒక రాకర్ రెండు ముక్కలై పడి ఉంది. రాకర్‌ను కిందనుంచి తోసే కడ్డీలను ఒక్కొక్కటే తీసి గాజుపలక మీద దొర్లించి చూస్తే, రెండు కుంటుతూ దొర్లాయి. ఇద్దరూ కలిసి చైన్‌కప్పీతో హెడ్డు దించారు. ఇంజిన్ పిచ్చి వేగం అందుకున్నప్పుడు ఒక వాల్వు వేళకు మూసుకోలేక పైకొచ్చే పిస్టన్‌కు తగిలింది. వాల్వు కాడ వంగింది. పిస్టన్ నెత్తిన గోటితో నొక్కినట్టు నెలవంక గాటు పడింది, అంతే. పగులు లేదు.

"బతికిపోయావు" అంది ఆమె.

కొత్త వాల్వు, కొత్త కడ్డీలు, కొత్త రాకర్ పొడుగు డ్రైవరు తిరిగి తిరిగి తెచ్చాడు. ఆమె వాల్వులన్నీ అరగదీసి, హెడ్డు తిరగేసి, పైన కిరసనాయిలు పోసి చూసింది. ఒక్క చుక్క కిందికి జారలేదు. పని సాగినన్ని రోజులూ మేస్త్రితో మాట్లాడుతూనే ఉంది. ఈ స్ప్రింగు ఉంచనా, మార్చనా? సరే. అంటే ఉంచమనే. నేనూ అదే అనుకున్నాను.

టాపెట్ల రోజు మేస్త్రికి ఉతికిన చొక్కా తొడిగింది. పొడుగు డ్రైవరు అతన్ని ఎత్తి, లారీ పక్కన వేసిన బల్ల మీద నిలబెట్టి, డీజిల్ తేవడానికి డబ్బా పట్టుకుని వెళ్లాడు. ఆమె ఒక చేత్తో భర్త నడుం పట్టుకుని, రెండో చేత్తో తోచినంత మర బిగించి, రేకు దూర్చి, దాని కొసను అతని ఎడమ చేతి వేళ్ల మధ్య పెట్టింది.

"లాగి చూడయ్యా."

లాగాడు. "సరే."

ఆ స్వరంలో పాత మేస్త్రి వినిపించి ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. తర్వాతి వాల్వుకు వెళ్లింది. లాగాడు. "సరే." మూడోది కూడా అయింది. అప్పుడు చూసుకుంది, ఆ మూడోదానికి మర బిగించడమే మరిచిపోయింది. రాకర్ లొడలొడలాడుతోంది. రేకు గాల్లో తిరిగినట్టు తిరిగింది. చేతిలో రేకు పడితే నిద్రలో కూడా తప్పు పట్టే మనిషి, దాన్ని సరే అన్నాడు.

అలసిపోయాడేమో అనుకుంది. కాసేపు ఆగింది. అతని మొహాన చెమట తుడిచింది. తర్వాత, ఎందుకు చేస్తున్నానని తనను తాను అడక్కుండానే, అదే మరను గట్టిగా బిగించేసింది. రేకు పళ్ల మధ్య ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. అదొక్కటి చాలు, ఆ వాల్వు కాలిపోవడానికి.

"లాగయ్యా. జాగ్రత్తగా చూడు."

మేస్త్రి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. వేళ్లు జారిపోయాయి. అతను ఆమె వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "సరే."

అంతకుముందు అన్న సరే ఎలా ఉందో, ఇదీ అలాగే ఉంది. పొట్టిది కాదు, సాగదీసిందీ కాదు. వంద మాటలు లేవు. అసలు ఎన్నడూ లేవేమో.

ఆమె అతన్ని మెల్లగా దింపి, కాలు ఈడుస్తుంటే ఒళ్లంతా ఆనించుకుని కుర్చీ దాకా నడిపించి కూర్చోబెట్టింది. అతని వేళ్లకంటిన నూనె గుడ్డతో తుడిచింది. అతను ఆ గుడ్డకేసి చూస్తున్నాడు. ఆమె లారీ అవతలికి వెళ్లి, ఇంజిన్ మీదకు వంగి, పని చేస్తున్నదానిలా కనిపిస్తూ ఏడ్చింది. మొగుడు పోతే ఎలా ఏడుస్తారో అలా ఏడ్చింది, చప్పుడు మాత్రం లేకుండా.

తర్వాత రేకు తీసుకుంది. రావాలి, కానీ ఇష్టం లేనట్టు రావాలి. మొదటి వాల్వు నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఒక్కోదాన్ని పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది.

డబ్బాతో తిరిగొచ్చిన పొడుగు డ్రైవరు దూరం నుంచే అడిగాడు. "బావ ఏమన్నాడక్కా?"

"సరే అన్నాడు."

ఇంజిన్ రెండుసార్లు దగ్గి, గుప్పున తెల్లపొగ వదిలి, అందుకుంది. టకటకలు లేవు. పొగ పల్చబడి ఆగిపోయింది. పొడుగు డ్రైవరు కిందికి దూకి వెళ్లి మేస్త్రి మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు. "చెయ్యంటే నీదే బావా! ఎవడన్నాడు మేస్త్రి పనైపోయిందని?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇది నేను పెట్టాను తమ్ముడూ అంటే, మీ బావ లేడు అని కూడా చెప్పాలి. రెండోది చెప్పలేక మొదటిది మింగేసింది.

పొడుగు డ్రైవరు నోరు ఊరుకునే నోరా? రోడ్డు పొడుగునా చెప్పుకుంటూ పోయాడు. బళ్లు రావడం మొదలైంది. ఆమె ప్రతిసారీ మేస్త్రికి ఉతికిన చొక్కా తొడిగేది, డ్రైవరు చూస్తుండగా అతని చేతికి రేకు ఇచ్చేది. అతను సరే అనేవాడు. ఆ తర్వాత డ్రైవరు అటు తిరిగాక తను పెట్టుకునేది. ఇంట్లో కూడా అడగడం మానలేదు. దీపం ఆర్పనా? సరే. జవాబు కోసం కాదు, ఆ గొంతు కోసం.

ఎండలు ముదిరినప్పుడు అతనికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి లేవలేదు. శవం పక్కన ఆమె పొడికళ్లతో కూర్చుంటే ఆడపడుచు ఊరుకోలేకపోయింది. "ఏడువు వదినా! రాయిలా ఏంటలా? కట్టుకున్నవాడు కదా!" అప్పటికి ఎప్పుడో ఏడ్చానని ఎలా చెప్పడం?

కర్మలయ్యాక షెడ్డు తెరిచింది. డ్రైవర్లు వచ్చి పరామర్శించారు. "మేస్త్రి లేకపోయాక ఇంక టాపెట్లు ఎవరు చూస్తారక్కా?" అని నొచ్చుకుని, బళ్లు పక్క షెడ్లకు తోలుకుపోయారు. నేనే చూశాను, ఇన్నాళ్లూ చూసింది నేనే అని ఒక్క మాటంటే ఆగేవారేమో. అనలేదు. వాళ్ల లెక్కలో అతను చివరిదాకా మేస్త్రే. ఆ పేరు అతనికి ఉంచేసింది.

ఆఖరికి పొడుగు డ్రైవరు కూడా ముసలితనం వచ్చి లారీ అమ్మేశాడు. షెడ్డులో సగం పంక్చర్లు వేసేవాడికి అద్దెకిచ్చింది. మిగిలిన సగంలో, వీధివైపు వీపు పెట్టి కూర్చుని, పక్క షెడ్ల వాళ్లు తెచ్చి పడేసిన వాల్వులు రెండు అరచేతుల మధ్య తిప్పుతూ ఉండేది.