సాయీసు లేని ఖేల్

మేం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు నాందేడ్‌లో సినిమాను సినిమా అనేవాళ్లం కాదు, ఖేల్ అనేవాళ్లం. ఖేల్ చూడటం ఒక ఎత్తయితే, చూసొచ్చి చెప్పడం ఇంకో ఎత్తు. ఊళ్లో చూసేవాళ్లు కొందరే, వినేవాళ్లు బోలెడంతమంది. ఇప్పుడు అందరూ చూసేవాళ్లే అయిపోయారు, వినేవాళ్లు కరువయ్యారు. (ఇది వయసు మీదపడ్డవాళ్లకు వచ్చే జబ్బని మా ఆవిడ అంటుంది. కావచ్చు.) నా మీసం అప్పటికింకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తోంది. మా బట్టల దుకాణంలో అన్న గద్దె మీద కూర్చుని బేరం చేస్తుంటే, నేను తాన్లు విప్పి చూపించి మళ్లీ చుట్టిపెట్టేవాణ్ణి. టాకీసులో కొత్త ఖేల్ పడిన రోజున మాత్రం నాకు మధ్యాహ్నం అయ్యేసరికి తప్పకుండా కడుపునొప్పి వచ్చేది. అది మారామారీ ఖేల్ అయితే నొప్పి మరీ ఎక్కువగా ఉండేది. గుర్రాలు, కొరడాలు, కత్తులు, ముసుగులు, మెట్ల మీది నుంచి దొర్లిపడే సిపాయిలు, ఇవి చూస్తే తప్ప తగ్గేది కాదు.

ఇంటికొచ్చాక నాకోసం ఇద్దరు ఎదురుచూసేవాళ్లు. ఒకరు బాపమ్మ (మా వైపు నాయనమ్మను అలాగే పిలుస్తాం), రెండోవారు వదిన. వదినది దెగ్లూర్ దగ్గర పల్లె. తెలుగూ మరాఠీ వచ్చు, ఉర్దూ రాదు. ఖేల్ అనేది ఆమె ఒక్కటి కూడా చూడలేదు. మా అన్న దృష్టిలో ఖేల్‌కు వెళ్లే ఆడవాళ్లకూ, ఖేల్‌లో ఆడే ఆడవాళ్లకూ పెద్ద తేడా లేదు. అందుకని సాయంత్రం పొయ్యి దగ్గర వదిన జొన్నరొట్టెలు కొడుతుంటే, బాపమ్మ గోడకు ఒరిగి కాళ్లు చాపుకొని కూర్చుంటే, నేను వంటింటి గడప మీద నిలబడి అప్పడాల కర్రను కత్తిగా తిప్పుతూ మొత్తం ఆడి చూపించేవాణ్ణి. రాజకుమారి నేనే, దివాను నేనే, గుర్రం కూడా నేనే.

మొదట్లో ఇద్దరూ నోరు తెరుచుకొని వినేవాళ్లు. బాపమ్మ అడిగే ప్రశ్నలు వేరేగా ఉండేవి. "పిల్ల గట్ల గుర్రమెక్కి ఉరుకుతుంటె ఇంట్ల పెద్దోళ్లు ఏమంటలేరా?" అనేది. వదిన ఏమీ అడిగేది కాదు. రొట్టె తిప్పుతూ ఆలోచించేది. నాలుగైదు ఖేళ్లు అయ్యాక ఒకరోజు నేను ఇంకా సగంలో ఉండగానే, "ఆగు మర్దీ, మిగిలింది నేను చెప్త" అంది. చెప్పింది. అక్షరాలా అదే కథ.

"నీకెట్ల మాలుం?" అన్నాను.

"ఇండ్ల తెలువనికేముంది? మొదట్ల ఎవడు బాగ తియ్యగ మాట్లాడుతడో వాడే దొంగ. నడుమల మంచోడు దొరికిపోతడు. దొరికినంక వాణ్ణి సంపరు, కట్టేసి ముచ్చట పెడుతరు. గా ముచ్చట అయ్యేలోపల పిల్ల గుర్రమేసుకొని అస్తది."

"దొరికినప్పుడే సంపొచ్చు గద?" అంది బాపమ్మ.

"సంపితె ఖేల్ ఒడుస్తది గద, బాపమ్మా. జనం ఇంటికి పోతరు."

తర్వాత వదినతో వేగడం కష్టమైపోయింది. ఏ చిన్న వస్తువు చెప్పినా పట్టుకునేది. తల్లి ఉంగరం ఇచ్చిందంటే, "గది ఊకెనె ఇయ్యదు, ఆఖర్ల గా ఉంగరంతోనె గుర్తుపడుతది" అనేది. వంతెన మాట ఎత్తితే చాలు, "అది కూలుతది" అనేసేది. టాకీసులో చప్పట్లు కొట్టి, ఈలలు వేసి, గొంతు పోగొట్టుకొని వచ్చిన నేను, పిండి పిసికే చేతుల ముందు ఓడిపోయేవాణ్ణి. పౌరుషం పొడుచుకొచ్చింది. ఈసారి ఈమెకు అంతుచిక్కకుండా చెప్పాలనుకున్నాను.

ఆ వారం పడిన ఖేల్‌లో రాజకుమారిని దుష్ట దివాను కోటలో బంధిస్తాడు. ఆమె కిటికీ నుంచి దూకి, కింద నిలబడి ఉన్న గుర్రమెక్కి పారిపోతుంది. అంతే. నేను అందులోకి గుర్రాలను చూసుకునే ఒక ముసలి సాయీసును తీసుకొచ్చాను. గుర్రాల కొట్టంలో ఉంటాడు, దగ్గుతూ ఉంటాడు. రాజకుమారికి చిన్నప్పుడు గుర్రపుస్వారీ నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ దివాను దగ్గరే కొలువు చేస్తుంటాడు కాబట్టి ఎటువైపు మనిషో చివరిదాకా తెలియదు. వదిన రెండుసార్లు తప్పు చెప్పింది, నా ఆనందానికి హద్దు లేదు. ఆఖరికి ఆయన గుర్రాన్ని విప్పి కిటికీ కిందికి తీసుకొస్తాడు. వెనుక నుంచి బాణం తగులుతుంది. కళ్లెం ఆమె చేతికిచ్చి, "పో బిడ్డా, ఎనకకు సూడకు" అని నేలకు ఒరుగుతాడు. నేనూ నిజంగానే గడపలో ఒరిగాను. కాసేపటికి కళ్లు తెరిస్తే వదిన చేతిలో పిండిముద్ద అలాగే ఉంది, పెనం మీద రొట్టె మాడిపోతోంది, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. బాపమ్మ ముక్కు చీదుతూ, "ఆయినకు పిల్లలున్నరారా?" అంది. ఏం చేయను? ఇద్దరు కొడుకులనిచ్చాను. "పెండ్లిళ్లయినయా?" అంది. చేసేశాను.

నేను గెలిచానన్న సంతోషం మర్నాటి పొద్దున దాకే. అన్న స్నానం చేసి వచ్చేసరికి బాపమ్మ చెప్పేసింది. "నేను ఖేల్ సూడనీకె పోత. గా సాయీసు ముసలోణ్ణి ఒక్కసారి కండ్లార సూడాలె. నీ పెండ్లం నాకు తోడస్తది."

అన్న అగ్గిమీద గుగ్గిలం అవుతాడని ధైర్యంగా ఉన్నాను, కాలేదు. అన్నాళ్లుగా వదినను ఒక్కసారి తీసుకెళ్లమని అన్నను బతిమాలింది నేనే. ఇప్పుడు నేనే, "హాల్ల నల్లులుంటయి బాపమ్మా, ఉక్కపోస్తది, గలీజుగుంటది" అని అడ్డం పడ్డాను. అన్న నావైపు అనుమానంగా చూశాడు. "నువ్వు ఒద్దంటున్నవంటె ఏందో మంచి ముచ్చటే ఉన్నట్టుంది. పోనీ తియ్యి. శుక్రవారం పగటి ఆటకు పోయి రాండ్రి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న నా మాటకు వ్యతిరేకంగా తీసుకున్న ఒకే ఒక్క మంచి నిర్ణయం అది.

రేకుల హాలు. వెనుక ఆడవాళ్లకు జనానా, దానికి పరదా. దీపాలు ఆరాక పరదా పక్కకు లాగుతారు. నేను ముందు మగవాళ్లలో కూర్చుని దేవుళ్లకు మొక్కుకుంటున్నాను. ఖేల్ మొదలైంది. తెర మీద గడ్డం ఉన్న మనిషి కనిపించినప్పుడల్లా వెనుక నుంచి బాపమ్మ గొంతు హాలంతా వినిపించేది. "గీనేనా సాయీసు?" మొదటిసారి జనం నవ్వారు. మూడోసారికి ఎవరో, "అమ్మాఁ, సాయీస్ ఆతా హై, జరా సబర్ కరో!" అని అరిచాడు, వస్తాడు కాస్త ఓపిక పట్టమని. ఆ తర్వాత గడ్డం కనబడితే చాలు, హాలు మొత్తం "సాయీస్! సాయీస్!" అని కేకలు పెట్టింది. రాజుగారిని కూడా వదల్లేదు. నేను బెంచీ మీద జారిజారి దాదాపు కిందికి చేరాను. అసలు ఘట్టం వచ్చింది. కిటికీ కింద గుర్రం ఒంటరిగా నిలబడి ఉంది. రాజకుమారి దూకింది, ఎక్కింది, పోయింది. హాల్లో ఈలలు. వెనుక నుంచి మాత్రం ఒక్క మాటా లేదు.

బయటికి వస్తూ బాపమ్మ గేటు దగ్గర మనిషిని పట్టుకుంది. "సాయీసు ముక్క ఎందుకు కోసేసిండ్రు?" అని తెలుగులో నిలదీసింది. "ఐసా కోయీ నహీఁ హై ఇస్‌మే, అమ్మా" అన్నాడతను, అలాంటివాడు ఇందులో లేనే లేడని. "దొంగలు, ముసలోడని తీసేసిండ్రు" అని టాంగా ఎక్కిన బాపమ్మ ఇల్లు చేరేదాకా తిట్టింది. వదిన కొంగు సవరించుకొని దారి వైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పొయ్యి దగ్గర నేను చాలాసేపు తచ్చాడాక ఆమే అంది. "సాయీసును నువ్వే పుట్టించినవ్ గదా?"

తలూపాను.

"మంచిగ పుట్టించినవ్. ఖేల్ల ఏందో కమ్మి పడ్డట్టున్నది. గుర్రాన్ని ఎవలిప్పిండ్రు, ఎవలు తెచ్చిండ్రు, ఏం లేదు. నువ్వు చెప్పిందే సక్కగుండె."

నా ఛాతీ ఉబ్బిపోయింది. "గట్లయితె వచ్చే వారం ఇంకోటి చెప్త వదినా, ఇంతకంటె జబర్దస్తుగ..."

"ఒద్దు మర్దీ." కోపంగా కాదు, రొట్టె మీద నీళ్లు రాస్తూ మామూలుగా అంది. "ఇగ నువ్వు చెప్తుంటె, గిది ఖేల్‌దా, మర్దిదా అని సూసుకుంట కూసుంట. ముందుగాల గట్ల లేకుండె. సాయీసు సచ్చిపోయిండంటె సచ్చిపోయిండు, అంతే."

మాడని రొట్టె తీసుకొని బయటికొచ్చాను.

ఆ తర్వాత జనానా పగటి ఆటలకు ఆమె, బాపమ్మ, పక్కింటి ఆడవాళ్లు కలిసి వెళ్లసాగారు. కొన్నాళ్లకు అన్న కూడా వెళ్లాడు, వెళ్లి నాకంటే గట్టిగా ఈల వేశాడని వదినే చెప్పింది. నేను ఎప్పుడైనా ఆశగా గడపలో నిలబడి, "కొత్త ఖేల్ పడ్డది వదినా" అంటే, "సూసినం" అని నవ్వేది. ఆ ఒక్క మాటతో నా కత్తీ, గుర్రమూ, రాజ్యమూ అన్నీ పోయేవి. ఆమెకు దారి తెరిపించమని అన్న వెంటపడింది నేనే, అందుకు సంతోషించాలి కూడా. సంతోషించానో లేదో ఇప్పటికీ తెలియదు. అన్న దెగ్లూర్‌లో వేరే దుకాణం పెట్టుకొని వెళ్లిపోయాడు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు వదినా నేనూ పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నాం. ఇంకో కథ చెప్పమని ఆమె అడగలేదు, వినమని నేనూ బతిమాలలేదు. ఒక్కసారి బతిమాలి ఉండాల్సింది. ఆమె పోయాక ఆ మాట మా ఆవిడతో అంటే, "ఆ వయసుల వంటింట్ల గుర్రమై ఉరుకుతుంటిరా?" అంది. ఉరికేవాణ్ణే అనుకుంటా.

మొన్న మనవరాలితో కలిసి ఒక పోరాటాల సినిమాకు వెళ్లాను. ఇప్పటికీ మంచివాణ్ణి కట్టేసి ముచ్చట్లు పెడుతూనే ఉన్నారు. తిరిగొస్తూ రిక్షాలో నాకు తెలియకుండానే మొదలుపెట్టాను. చెయ్యి కత్తిలా పైకి లేచింది, గొంతు మారింది, రిక్షావాడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. కోట తలుపు విరిగేదాకా వచ్చాక మనవరాలు నా చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"నేను నీ పక్కనే కూసొని సూసిన గదా, తాతా!"

"అవును కదా" అన్నాను. నవ్వొచ్చింది. ఇద్దరం ఇంటిదాకా బజారు చూసుకుంటూ వచ్చేశాం.