సంతోషమ్మ చప్పట్ల మీద కట్టిన ఆల్బం

కరోనా ఆంక్షలు పోయి చర్చిలు మళ్ళీ నిండిన ఏడాది, మార్చి మొదటి వారంలో, అనకాపల్లిలో నాకు ఎనిమిది పాటల ఆల్బం పని అప్పగించారు. క్రైస్తవ రాక్ ఆల్బం. డ్రమ్స్, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక బేస్ గిటారు, ఒక గొంతు. ఈస్టర్ నాటికి పూర్తి కావాలి.

మా రికార్డింగు పనిలో మూడు మెట్లుంటాయి: తీగలు చుట్టేవాడు, సహాయకుడు, ఇంజనీరు. మొదటి రెండూ నేను విశాఖపట్నంలో ఎక్కాను. మూడోది ఎవరూ ఇవ్వకపోతే అనకాపల్లి వచ్చి, ఒక బెల్లం గోదాం మేడమీద స్టూడియో పెట్టుకుని, నాకు నేనే ఇచ్చుకున్నాను. కుడి చెవికి సన్నని శబ్దాలు అందడం మానేసేదాకా ఆ హోదాలోనే ఉన్నాను.

బృందానికి పెద్ద రూతు. పగలు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం, ఆదివారం చర్చిలో డ్రమ్స్. సంఘ పెద్దలకి ఆ డ్రమ్స్ గిట్టలేదు. వాళ్ళలో ముఖ్యుడు జాకబ్ మాస్టారు, రిటైరైన లెక్కల టీచరు, ఒక షరతు పెట్టారు. కొత్త పాటలు రికార్డు చేసి వినిపించాలి. సంఘం వాటితో కలిసి పాడగలిగితే డ్రమ్స్ ఉంటాయి. పాడలేకపోతే ఈస్టర్ తర్వాత గుమ్మం బయటికి పోతాయి, పాత డోలక్ ఒక్కటే మిగులుతుంది. రూతు ఆ డ్రమ్స్ నాలుగేళ్ళు సాధన చేసింది.

మేడమీద గది చిన్నది కాబట్టి డ్రమ్స్ కింద గోదాంలో పెట్టాం. గోనె చుట్టిన బెల్లం దిమ్మలు గోడలా పేర్చి ఉంటే శబ్దం తిరిగి రాదు. మద్రాసులో దానికోసం ప్రత్యేకంగా గదులు కడతారు. మొదటి దెబ్బకి అక్కడి చీమలు వరస తప్పాయి. మూడోరోజుకి తాళం పట్టి నడిచాయి. మా ఆవిడ నా మాటల్లో పావు వంతు తగ్గించమంటుంది. తగ్గించే రాశాను.

గోదాం యజమాని సూరిబాబు ఒకసారి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని తొంగిచూశాడు.

"ఏటమ్మా, మీ దేవుడికి చెవుడేటి? అలగ బాదేత్తన్నావు!"

"దేవుడికి కాదు బాబుగారూ, మా పెద్దోళ్ళకి," అంది రూతు.

ఇక నా తప్పు చెప్పాలి. రికార్డింగులో వాయించేవాళ్ళ చెవిలో క్లిక్ పెడతాం. గడియారంలా టక్ టక్‌మనే శబ్దం, నిమిషానికి ఇన్ని అని. అందరూ దాన్నే పట్టుకుంటే, ఇవాళ వాయించిన గిటారు నిన్నటి డ్రమ్స్ మీద సరిగ్గా కూర్చుంటుంది. మొదటి పాటకి తొంభై ఆరు పెట్టాను. రెండోరోజే రూతు హెడ్‌ఫోన్ తీసేసింది. "మాస్టారూ, ఇది నన్ను ఎనక్కి లాగేత్తంది. తీసేద్దురూ," అంది. క్లిక్ లేకుండా పల్లెటూరి భజనలే రికార్డు చేస్తారని కసిరాను. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ మళ్ళీ పెట్టుకుంది. ఎనిమిది పాటలూ గీత గీసినట్టు వచ్చాయి. నా జీవితంలో అంత శుభ్రమైన పని చెయ్యలేదని అందరికీ చెప్పుకున్నాను.

మట్టల ఆదివారం, అంటే అందరూ ఈతమట్టలు పట్టుకుని చర్చికి వెళ్ళే, ఈస్టర్‌కి ముందు ఆదివారం, చర్చిలో మొదటి పాట స్పీకర్లో వేశారు. పాట మూడు వారాలుగా నేర్పించారు కాబట్టి అందరికీ వచ్చు. ముందు చాప మీద స్త్రీల సమాజం పెద్ద సంతోషమ్మ కూర్చుంది. ఆ చర్చిలో పాటని నడిపేది ఆవిడ చప్పట్లే. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణానికి ఆవిడ చప్పట్లు జోరందుకున్నాయి, జనం ఆవిడ వెంట వెళ్ళారు. మూడో చరణంలో జనం ముందు, మా డ్రమ్స్ వెనక. వాళ్ళు ఆమెన్ అనేసి కూర్చున్నాక కూడా మా గిటారు ఒంటరిగా మోగుతూనే ఉంది.

"ఆ డ్రమ్ముకి కాళ్ళనొప్పులేటి? నడవలేకపోతంది," అంది సంతోషమ్మ. చర్చంతా నవ్వింది. జాకబ్ మాస్టారు నవ్వలేదు. పాట బాగుందనీ, తమతో పాటు రావట్లేదనీ, ఈస్టర్ దాకా గడువుందనీ చెప్పారు. రూతు మట్ట చేతిలో పట్టుకుని నావైపు చూసింది. నేను నా చెప్పులు వెతుక్కున్నాను.

ఆ ఆరాధనని చేతి రికార్డరులో పట్టుకున్నాను. సోమవారం దాన్ని కొలిచాను. జనం తొంభై ఆరు దగ్గర మొదలుపెట్టి నూట పదిహేడు దగ్గర ముగించారు. అది గాడి తప్పడం అనుకున్నాను. పాత ఆరాధనల రికార్డింగులు మూడు తెప్పించి కొలిస్తే అన్నిటిలోనూ దాదాపు అదే పెరుగుదల. ఏ చరణంలో ఎంత పెరగాలో ఆ చేతులకి తెలుసు, తెలియనిది నాకే.

మంగళవారం సంతోషమ్మని గోదాంకి పిలిపించాం. బెల్లం తినే వస్తువని చెప్పులు బయటే విడిచింది. గాజులు తీయమంటే తీయనంది. మైకు ముందు కూర్చోబెట్టి పాడుతూ చప్పట్లు కొట్టమన్నాను. క్లిక్ తీసేసి, ఆ చప్పట్లనే రూతు చెవిలో పెట్టాను. మొదటిసారి రూతు తడబడింది. సంతోషమ్మ ఆపేసింది.

"సూడమ్మా, పాటంటే సంత నుంచి ఇంటికెళ్ళినట్టు. ఇల్లు దగ్గిర పడితే అడుగు దానంతటదే లేత్తాది. నువ్వు తోసీకు."

"అదే నాను ఈ మాస్టారికి సెప్పేను మామ్మా," అంది రూతు.

నేను శబ్దం కొలిచే మీటరు వైపు తిరిగి చాలా పని ఉన్నట్టు కనిపించాను.

నెమ్మది పాటలు నాలుగూ అలాగే ఉంచి, జోరు పాటలు నాలుగింటికి రూతు డ్రమ్స్ కొత్తగా వాయించింది. బుధ, గురువారాల్లో గిటార్లు, గొంతు వాటి మీద మళ్ళీ వేశాం. గుడ్ ఫ్రైడే పని ముట్టలేదు. శనివారం మధ్యాహ్నానికి మిక్సింగ్, అంటే అన్ని శబ్దాల పాళ్ళు సరిచేయడం, ముగిసింది. సంతోషమ్మ చప్పట్లని తీసేయకుండా పాటలోనే ఉంచాను, గాజులతో సహా.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. అదే పాట వేశారు. సంతోషమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. స్పీకర్లోని సంతోషమ్మ అందుకుంది. మూడో చరణంలో జనం పరిగెత్తారు, డ్రమ్స్ పక్కనే పరిగెత్తాయి. ఆఖరి మాట, ఆఖరి దెబ్బ ఒక్కసారే పడ్డాయి. రూతు కళ్ళు మూసుకునే ఉంది. జాకబ్ మాస్టారు పొగడలేదు. చర్చికి తిరిగొచ్చాక కుర్రాళ్ళని పిలిచి, డ్రమ్స్‌కి చోటు చాలట్లేదు, డోలక్ కొంచెం పక్కకి జరపమన్నారు.

ఆ ఆల్బం రోలుగుంట, రావికమతం చర్చిల దాకా వెళ్ళింది. మాడుగుల ఆటోల్లో హల్వా డబ్బాల కన్నా మా పెన్‌డ్రైవులే ఎక్కువ తిరిగాయని నేను చెప్తుంటాను. "పది ఆటోలు మాస్టారూ," అని రూతు సరిచేస్తుంది. విశాఖలో నా పాత ఇంజనీరు విని, వేగం జారిపోయిందన్నాడు. జారలేదనీ, కొలిచి ఎక్కించామనీ చెప్పాను. ఆ గాజుల చప్పుడు ఏ వాయిద్యమని అడిగాడు. చెప్పలేదు.

ఆ తర్వాత స్టూడియో మూసేదాకా ఏ చర్చి పని ఒప్పుకున్నా, ముందొక ఆదివారం వెళ్ళి వాళ్ళ వెనక వరసలో కూర్చుని, చరణం చరణానికీ వేగం రాసుకున్నాకే రికార్డింగు తేదీ ఇచ్చాను. వాయించేవాళ్ళెవరైనా హెడ్‌ఫోన్ తీసేస్తే, కసిరే ముందు ఎందుకు తీశారో అడిగాను.