అంటు లేని ఊలు

నా చిన్నప్పుడు చలి చలికాలంలోనే వచ్చేది. ఇప్పుడు మా మనవరాలికి నడి ఎండాకాలంలో వస్తోంది. మాదాపూర్‌లో దాని ఆఫీసులో ఏసీ గాలి సరిగ్గా దాని నెత్తిమీదే పడుతుందట. సీటు మార్చమంటే మార్చరట, కిటికీలు అసలు తెరుచుకోవట. పొద్దున క్యాబ్ ఎక్కేటప్పుడు చెమటలు, లోపల అడుగు పెట్టగానే వణుకు. మొన్న ఆదివారం వచ్చి, "అమ్మమ్మా, నాకో స్వెట్టర్ అల్లిపెట్టవా, లావెండర్ కలర్‌లో" అని మెడ చుట్టూ చేతులు వేసింది. రంగు సంగతి తర్వాత, అక్కడ కూర్చుని చేతులతో ఏం పని చేస్తావో ముందు అది చెప్పు అన్నాను. అమ్మమ్మకేమైంది అన్నట్టు చూసింది నావైపు. ఆ ప్రశ్న నా సొంతం కాదు. నాకు పన్నెండేళ్ళప్పుడు, ఇదే గోపన్‌పల్లిలో, ఒక కిటికీ అవతల నిలబడి పక్కింటి అక్క నన్ను అడిగిన ప్రశ్న.

ఇప్పుడు నేనుంటున్న ఈ అపార్ట్‌మెంట్లేవీ లేనప్పటి మాట. మాది ఊళ్ళో పెంకుటిల్లు. పక్కనే యూనివర్సిటీ కట్టడం మొదలైన కొత్తలో, అక్కడ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు మా ఊళ్ళో గదులు కిరాయికి తీసుకునేవారు. అలా కోస్తా నుంచి వచ్చి మా పక్కింట్లో దిగింది ఆ అక్క. వాళ్ళాయన అంతకుముందు ఎక్కడో ఉత్తరాదిన మంచు కురిసే ఊళ్ళో పనిచేశాడు. అక్కడి ఆడవాళ్ళ దగ్గర ఈమె ఊలు అల్లడం నేర్చుకుంది. ఎండపూట అరుగు మీద కూర్చుని రెండు సూదులు టకటకలాడిస్తుంటే మా ఊరి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం వేసుకోలేదు. ఆమె పుట్టిల్లు గొర్ల మందలున్న ఇల్లు. బొచ్చు కత్తిరించడం, వడకడం, గొంగడి నేయడం చూస్తూ పెరిగిన మనిషి. ఉన్నితో పనిచేసే చేతులు మంచివని ఆ అక్కకు రోజూ చెంబుడు మజ్జిగ పంపేది.

మజ్జిగ పంపేంత మనసుంది కదా అని మా నాయనమ్మను మెత్తని మనిషి అనుకునేరు. అంటు ముట్టు దగ్గరికి వచ్చేసరికి ఒంటికాలి మీద లేచేది. ఇంట్లో చావొచ్చినా పురుడొచ్చినా బట్ట అన్నది మిగలకుండా నీళ్ళలో పడాల్సిందే. ఒక్క గొంగడి మాత్రం దులిపి ఎండలో వేస్తే చాలు. గొర్రె ఒంటి మీద పుట్టిన ఉన్నికి అంటు లేదని ఆమె లెక్క. ఆ లెక్క ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ దాని గురించి ఆలోచించేవాళ్ళు కాదు.

ఏడో తరగతి పెద్ద పరీక్ష దగ్గర పడ్డప్పుడు నేను పెద్దమనిషినయ్యాను. ఆ పరీక్ష తప్పితే పై బడికి పోయే దారి లేదు. నన్ను వడ్ల బస్తాలు పెట్టే మూల గదిలో చాప వేసి కూర్చోబెట్టారు. కంచం వేరు, గ్లాసు వేరు. పొద్దున నువ్వులు బెల్లం, మధ్యాహ్నం ఎండుకొబ్బరి బెల్లం. మొదటి రోజు పండగలా అనిపించిన ఆ బెల్లం వాసనకు తర్వాత మొహం తిప్పుకునేదాన్ని. నేను గడప దాటకూడదు, మగవాళ్ళ కంట పడకూడదు, నేను ముట్టిన వస్తువు తడవకుండా బయటికి రాకూడదు. స్నానానికి మంచిరోజు అడిగితే అయ్యగారు పంచాంగం చూసి బాగా దూరంగా చెప్పాడు. దాంతో ఆ గదిలో ఉండడం ఇంకాస్త పొడుగైపోయింది.

అంతకన్నా పెద్ద దెబ్బ వాకిట్లో నుంచి చెవిన పడింది. "ఇగ బడి బంద్. చదివింది చాలు, ఇంటి పని నేర్చుకుంటది" అని నాయనమ్మ అందరి ముందూ చెప్పేసింది. పరీక్షన్నా రాయనియ్యమని మా నాయిన గొణిగాడు. "నువ్వు జర ఊకో" అన్నదామె. ఆయన ఊరుకున్నాడు. మా అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు, అత్తగారి ఎదుట ఆమె నోరు తెరవగా నేను ఎన్నడూ చూడలేదు. నా పుస్తకాల సంచి ముందు గదిలో మేకుకు వేలాడుతుండేది. తలుపు సందులో నుంచి రోజంతా దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. అమ్మను బతిమాలితే, పుస్తకమంటే సరస్వతి, బిడ్డా, ఈ చేతులతో ముట్టొద్దు అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. పుస్తకాన్ని నీళ్ళలో తడిపి శుద్ధి చేయలేరు కదా. అందుకే అది నా దగ్గరికి రాదు. నాకు ఏడుపు కూడా రాలేదు, ఛాతీ మీద ఆ వడ్ల బస్తా పెట్టినట్టు ఊపిరి బరువుగా ఉండేది. చదువు పోతుందన్న భయం కంటే, అది పోతుంటే కదలకుండా కూర్చుని చూడాల్సి రావడమే నరకం.

ఆ గదికి ఒక కిటికీ ఉండేది, ఇనుప ఊచలది. అవతల పక్కింటి అక్క బట్టలు ఉతికే బండ. ఒక రోజు ఆమె తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ ఊచల దగ్గరికి వచ్చి, నీకిప్పుడు ఏం కావాలమ్మా అని అడిగింది. బయటికి పోవాలి అన్నాను. "అది నావల్ల అయ్యేది కాదు. నాకు వచ్చింది ఊలు పని ఒక్కటే. ఊలుతో అయ్యేదేదైనా అడుగు" అంది. నాకు ఒళ్ళు మండింది. నేను ఇక్కడ కుళ్ళిపోతుంటే ఈమెకు స్వెట్టర్లు కావాల్సి వచ్చాయా అనుకున్నాను. ఆమె పోలేదు. ఇక్కడ కూర్చుని ఆ చేతులతో ఏం పని చెయ్యాలనుంది అని మళ్ళీ అడిగింది. నేను తలుపు సందు వైపు చూపించాను. సంచీ కనబడిందో ఏమో, ఆమె బండ మీది బట్టలు అలాగే వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె నా దగ్గరికి రాలేదు. తిన్నగా మా వాకిట్లోకి, నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది. చింతపండు గింజలు తీస్తూ ఊరి ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్న వేళ చూసుకుని మరీ వెళ్ళింది. "పిల్లకి పొద్దుపోవట్లేదండి. ఊలు ఇస్తే అల్లుకుంటుంది. ఉన్నికి అంటు లేదని మీరే అంటారు కదండీ" అని రెండు ఊలు ఉండలు ఒళ్ళో పెట్టింది. ఒకటి గులాబీ రంగుది, చూస్తే కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. రెండోది బూడిద రంగుది, గరుగ్గా, కుట్లు విప్పిన వంకరలతో ఉంది. సందులో నుంచి చూస్తున్న నా ప్రాణమంతా గులాబీ ఉండ మీదే ఉంది. నాయనమ్మ రెంటినీ వేళ్ళతో నలిపి చూసింది. తర్వాత దీపం తెప్పించి, గులాబీ పోగు ఒకటి తుంచి మంట దగ్గర పెట్టింది. అది ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి గింజ కట్టింది. బూడిద పోగు పెడితే వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలిపోయింది. "గిది మిల్లుల చేసింది, గొర్రెది కాదు. గీ బూడిదదే ఉన్ని. ఇది ఇయ్యి పిల్లకు" అని అందరూ వింటుండగా తీర్పు చెప్పింది.

నేను మూతి ముడుచుకున్నాను. కిటికీ దగ్గర అక్క నవ్వి, రంగు చివర చూసుకోవాలమ్మా అంది. ఎవరికి, ఎక్కడ కూర్చునేవాళ్ళకి, ఏ పని చేసే చేతులకి అన్నది ముందు చూడాలి. ఆ చోటికి ఊలు నప్పాలి, ఆ పనికి అల్లిక నప్పాలి. అవి కుదిరాక మిగిలితే రంగు. నీకు చేతి తొడుగులు అల్లుకుందాం అని చెప్పింది. ఎండలు ముదురుతుంటే తొడుగులేంటని నేను తెల్లబోతే, గొంతు తగ్గించి, ఉన్నికి అంటదు కదా, ఇక పుస్తకం తాకేది నీ చెయ్యి కాదు, ఉన్ని అంది. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, సూదులు ఇవ్వు అక్కా అన్నాను.

ఆ ఊలు ఎక్కడిదో తర్వాత తెలిసింది. వాళ్ళాయన స్వెట్టరు. మిగతా భాగం ఆమె నా ఎదుటే విప్పింది. అవతల ఆమె కుట్లు విప్పుతుంటే, ఊచల మధ్య నుంచి పోగు లోపలికి వస్తుంటే, ఇవతల నేను ఉండ చుట్టాను. ఎన్నో రోజుల తర్వాత బయటి నుంచి నా చేతుల్లోకి వచ్చింది అదొక్కటే. మరుసటి చలికాలం ఆయన నెత్తికి తువ్వాలు చుట్టుకుని డ్యూటీకి పోతుంటే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అల్లికలో సీదా, ఉల్టా అని రెండే కుట్లు. సొగసంతా వాటిని కలపడంలో ఉంది. నేను జడలాగా మెలికలు తిరిగే అల్లిక కావాలన్నాను, ఆమె అల్లినవి చూశాను కదా. అరచేతిలో మెలికలుంటే కాగితం పట్టు దొరకదు, అక్కడ నున్నగా ఉండాలి అని కొట్టిపారేసింది. మణికట్టు దగ్గర మాత్రం రెండు సీదా రెండు ఉల్టా వేయించింది. అలా వేస్తే చర్మానికి అతుక్కుని జారదట. చెయ్యి కొంచెం కనబడినా మీ నాయనమ్మ ఒప్పుకోదు అంది. బొటనవేలికి ఒక అర, మిగతా వేళ్ళన్నిటికీ కలిపి ఇంకో అర. కుట్టు జారితే మొదటికొచ్చేది. వేళ్ళు చెమట పట్టి సూది పట్టు తప్పేది. పరీక్ష దగ్గరికి వస్తోంది, స్నానం రోజు రాలేదు, తొడుగు పూర్తి కాలేదు. ఆ గదిలో నేను అల్లినంత కోపంగా ఎవరూ ఊలు అల్లి ఉండరు.

పూర్తయిన రోజు మధ్యాహ్నం తొడుగులు వేసుకుని గడప లోపల నిలబడి, అమ్మా, నా లెక్కల పుస్తకం అన్నాను. వాకిట్లో మళ్ళీ చింతపండు సభ జరుగుతోంది. అమ్మ నా చేతులు చూసింది. నాయనమ్మ వైపు చూసింది. తర్వాత, నా జన్మలో మొదటిసారి, ఎవరినీ అడగకుండా ముందు గదిలోకి నడిచి, సంచీ దించి, పుస్తకం తీసి గడప మీద పెట్టింది. చింతపండు చేతులన్నీ ఆగిపోయాయి. నాయనమ్మ లేచి వచ్చింది. "చేతులు సూపియ్యి" అంది. చాపాను. మణికట్టు దగ్గర వంగి ఒక పక్క, తిప్పి ఇంకో పక్క చూసింది. చర్మం ఎక్కడా కనబడలేదు. ఆమె దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. ఒక్క మాటతో ఆ పుస్తకాన్ని వెనక్కి పంపగలదు, ఇంట్లో అడ్డం చెప్పేవాళ్ళు ఎవరున్నారు? చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె, ఏందమ్మా గిది, పుస్తకం ముట్టుకోవచ్చా అని అందుకుంది. నాయనమ్మ ఆమె వైపు తిరిగి, "ఉన్నే గద. నేనే కాల్చి చూసిన" అని పోయి చింతపండు ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నుంచి చెమటతో చేతులు పాచిపోతున్నా తొడుగులు తియ్యలేదు. దురదకు ఏడుస్తూ భిన్నాలు చదివాను. ఒక్కో పేజీ తిప్పడానికి తంటాలు పడ్డాను. అయితే ఛాతీ మీద బస్తా ఎవరో దించినట్టు ఉండేది.

ఎట్టకేలకు స్నానం రోజు వచ్చింది. చాప, దుప్పటి, కట్టుకున్న బట్టలు అన్నీ చాకలికి మూట కట్టారు. తొడుగులు మాత్రం నాయనమ్మ తీసి దులిపి, ఎండలో వేసి, సాయంత్రం మడిచి నా పుస్తకాల సంచిలో పెట్టింది. బడి గురించి ఆమె ఏమైనా అంటుందేమోనని నేను సంచీ దగ్గరే నిలబడ్డాను. నన్ను చూడకుండానే, "జాగ్రత్తగ పెట్టుకో. నెలనెలా పనిపడ్తయి" అంది.

అంతే. బడికి పొమ్మని ఆ తర్వాత కూడా ఆమె నోటితో ఎప్పుడూ అనలేదు. బంద్ అన్న మాటా మళ్ళీ ఎత్తలేదు. నేను పరీక్ష రాశాను, పై బడికి పోయాను, కాలేజీకి పోయాను. నెలనెలా ఆ మూల గదీ తప్పలేదు, ఆ తొడుగులూ తప్పలేదు. చేతులు పెరిగినప్పుడల్లా విప్పి, ఇంకాస్త ఊలు కలిపి మళ్ళీ అల్లుకున్నాను. నన్ను గట్టెక్కించింది అక్క తెలివే అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పను. తను పెట్టిన నియమం తన మీదికే తిరిగి వచ్చినప్పుడు మాట మార్చని మనిషి కూడా అక్కడ ఉండబట్టే ఆ తెలివి పనికొచ్చింది. నా పుస్తకం ఆపిందీ ఆమే, చివరికి వదిలిందీ ఆమే.

మా మనవరాలు రోజంతా కీబోర్డు మీద కొడుతుందట, చల్లబడేది వేళ్ళేనట. అందుకని స్వెట్టరు మానేసి వేళ్ళ కొనలు తెరిచిన తొడుగులు మొదలుపెట్టాను. కూకట్‌పల్లిలో ఊలు షాపాయనకు నేను బాగా తెలుసు, పోగు కాల్చి చూస్తానని నన్ను చూడగానే అగ్గిపెట్టె దాచేస్తాడు. లావెండర్ రంగులో అసలైన ఉన్ని దొరకలేదు, బూడిద రంగే తెచ్చాను. మనవరాలు మూతి ముడుచుకుంటుంది, ముడుచుకోనీ. ఈ వయసులో నాకూ గదులు తప్పలేదు. మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పుడు దవాఖానలో, మా ఆయన పోయాక ఈ ఫ్లాట్‌లో, గోడలు మీదికి వచ్చిన రోజులు ఉన్నాయి. అప్పుడు నేను తలుపు వైపు చూడను. ఆ రోజు ఉన్నిలాగే, ఇక్కడ కూడా అంటు లేనిది ఏదో ఒకటి మిగిలి ఉంటుంది, అదేమిటా అని వెతుక్కుంటాను. దొరికిందాకా వెతుకుతాను.