మందు తాగిండు

తెలుగువాడికి జ్వరానికి మింగేదీ మందే, చెట్టు పురుగుకు కొట్టేదీ మందే, గ్లాసులో పోసుకునేదీ మందే. అరబ్బీవాళ్లు ఈ మూడోదాన్ని విడదీసి ఖమర్ అన్నారు, మిగతా రెంటినీ దవా అనే అంటారు. సౌదీలోని హుఫూఫ్‌లో ఖర్జూర తోట డ్రైవరు, కదిరి అల్లాబకాష్‌కు ఇదంతా కొట్టినపిండి. తోటలోని తెలుగువాళ్లందరికీ దుబాసీ అతనే. ఆ సంగతి అతను మర్చిపోడు, ఎవరినీ మర్చిపోనివ్వడు.

ఒక మధ్యాహ్నం రాజేశం అనే కూలీ తోటలో కుప్పకూలాడు. తోటివాడు భూమేష్ అతన్ని బండిలోకి ఎక్కించి, "మందు తాగిండన్నా, జల్ది పోనియ్" అన్నాడు. రాజేశం నోటినుంచి ఘాటు వాసన కొట్టింది. అల్లాబకాష్ ఇంకేమీ అడగలేదు. ఈ జగిత్యాలవాళ్లకు ఇదే పని అని లోలోపల తిట్టుకుంటూ బండి తోలాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఏమైందన్నాడు. ఖమర్ అని చెబితే జైలు, ఆ తర్వాత ఇంటికి పంపేయడం. పోనీలే పాపమని అల్లాబకాష్, "దవా తాగాడు" అన్నాడు. ఒకడిని గట్టెక్కించానని ఛాతీ కూడా కాస్త పొంగింది.

డాక్టరు ఆ ఊరివాడే, ఖర్జూర తోటల మధ్య పెరిగినవాడు. రాజేశం కనురెప్పలెత్తి చూసి, "ఏ దవా? మనిషిదా, చెట్టుదా?" అని గద్దించాడు.

అప్పుడు గానీ అల్లాబకాష్ భూమేష్ వైపు తిరగలేదు. "ఏం మందు తాగినాడప్పా?"

"పురుగుల మందన్నా. ఎవరో నీళ్ల సీసల పోసి పెట్టిండ్రు. నీళ్లే అనుకొని తాగిండు. నీకు చెప్తి గద."

అల్లాబకాష్ గబుక్కున డాక్టరు వైపు తిరిగాడు. "చెట్టుది" అన్నాడు. డాక్టరు ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే మనిషి దక్కేవాడు కాదు.

రాజేశం లేచి కూర్చున్నాక అల్లాబకాష్ చూడటానికి వెళ్లాడు. మొహం చెల్లక గుమ్మం దగ్గరే నిలబడితే, రాజేశమే పిలిచి చెయ్యి పట్టుకున్నాడు.

"క్యాంపుల అందరు నేను తాగి పడ్డననుకున్నరంటన్నా. మా చిన్నవ్వ మీద ఒట్టేసి ఎన్నడో ఇడిసిపెట్టిన. నన్ను నమ్మి డాక్టరుకు దవా అని చెప్పింది నువ్వొక్కనివే."

సిగ్గుతో అల్లాబకాష్ చెవులు కాలిపోయాయి. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. రాజేశం అతని మొహంలోకే చూస్తున్నాడు.

"నువ్వట్లా మనిషివి కాదని నాకు తెలీదా అప్పా" అన్నాడు అల్లాబకాష్.

రాజేశం ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.