అక్కకు దొరికిన అరుగు

మొన్న కామారెడ్డిలోని మా ఇంటికి ఎల్లారెడ్డి నుంచి మా పెద్దమ్మ కూతురు వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్దది, అక్క. నాలుగేళ్ల నా మనవరాలు చెక్కముక్కలను పెట్టెలో అమర్చలేక ఏడుపు ముఖం పెడితే, గంట నుంచి ముక్కలన్నీ నేనే పెట్టి చూపిస్తున్నాను. అక్క నన్ను జరగమని, తాను చెయ్యి కూడా పెట్టకుండా, “దాన్నే జర తిప్పి సూడు బిడ్డా, ఏమైతదో” అంది. ముక్క సరిపోయింది. పిల్ల నేరుగా వెళ్లి అక్క ఒడిలో కూర్చుంది. ముప్పై ఏళ్లు పంతులమ్మగా పనిచేసిన దాన్ని, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కడుపు మండింది.

ఆ మంట కొత్తది కాదు. ఎల్లారెడ్డిలో మా రెండు ఇండ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. మా బాపు కచేరీలో గుమాస్తా కనుక నాకు పలక, ఎక్కాల పుస్తకం, మూసిన తలుపు. అక్కకు మాత్రం వాళ్ల అరుగు మీద ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే పదిమంది ఆడవాళ్లు. చినిగిన తునికాకు మీద, బీడీ కొలతకు ఆకు కత్తిరించే రేకు అచ్చును ఎటు తిప్పి పెడితే రెండింటికి బదులు మూడు ముక్కలు వస్తాయో వాళ్లు వాదించుకునేవారు, మధ్యలో పొడుపు కథ వేసేవారు, అక్క తప్పు చెబితే నవ్వి మళ్లీ అడిగేవారు. ఏడేళ్లకే అక్క ఆకును చూస్తూనే ఎన్ని వస్తాయో చెప్పేది. ఇరవయ్యో ఎక్కం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే నేను కిటికీ ఊచలు పట్టుకుని పళ్లు కొరికేదాన్ని.

ఒకరోజు ఓర్వలేక, అక్క అరుగు మీద చేరి చదువు పాడుచేసుకుంటోందని బాపుకు చాడీ చెప్పాను. ఆయన పెద్దమ్మను మందలించి, సాయంత్రాలు అక్కను నా పక్కన పలక ముందు కూర్చోబెట్టాడు. వారం తిరిగేసరికి అక్క నోరే మెదపడం మానేసింది. అప్పుడు ఆ అరుగు మీది ముసలవ్వ మా ఇంట్లోకి వచ్చి, “మాట్లాడేటోళ్లు లేకుంటే పిల్లకు తెలివి ఏడికెళ్లి వస్తది బిడ్డా” అని బాపును అడిగి, అక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నేనూ లేచి నిలబడ్డాను. నన్ను ఎవరూ పిలవలేదు.

ఆ అరుగులు ఇప్పుడు లేవు, బీడీలు చుట్టేవాళ్లు ఎవరింట్లో వారు టీవీ ముందు చుట్టుకుంటున్నారు. ఏదైనా తోచకపోతే అక్క ఇప్పటికీ తనలో తాను గొణుక్కుంటుంది. చెవిపెట్టి విన్నాను, ఎప్పుడో కాలం చేసిన ఆ ఆడవాళ్ల మాటలే అవి, వాళ్ల నవ్వుతో సహా. నాకు తోచనప్పుడు లోపల ఎవరూ పలకరు.